కోట కింద కంప

మా పెరటి గోడవారన ఒక కంపచెట్టు ఉండేది. ఏటా సంక్రాంతికి ముందు నాన్న గొడ్డలి తీసుకుని దాన్ని మొదలంటా నరికేవాడు. ఉగాదికల్లా మళ్ళీ నడుమెత్తు. ఒక ఏడు మోడు మీద కిరోసిన్ పోశాడు, ఇంకో ఏడు రాళ్ళుప్పు కుమ్మరించాడు, ఒకసారి ఎండుకొమ్మలు పేర్చి నిప్పు పెట్టాడు. మోడు బొగ్గయింది. తొలకరి పడ్డాక ఆ బొగ్గు చుట్టూ నేలలోంచి లేత కొమ్మలు లేచాయి. ఒకటి ఉన్నచోట ఆరు. ఆ ముల్లు దిగని సైకిల్ టైరు మా వీధిలో లేదు. పంచర్లు వేసే ఆయన ఒక్కడే ఆ చెట్టును ఏనాడూ తిట్టలేదు.

ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు దానికి. సీమలో కంప అంటే చాలు. మిగతాచోట్ల సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ. వృక్షశాస్త్రం పుస్తకాల్లో ప్రోసోపిస్ జూలిఫ్లోరా. సొంతూరు మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు. పేరులోకి సర్కారు, ఇంగ్లీషు ఊరికే రాలేదు. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు, 1877లో, కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. ఈ దేశంలో దానికి తొలి తోట అదేనని అటవీ చరిత్రలు చెబుతాయి. వంటచెరకు కరువు తీర్చడానికి, బీడుకు కాస్త నీడ ఇవ్వడానికి తెచ్చిన చెట్టు. తెచ్చినవాళ్ళ ఉద్దేశంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ పని అది చేసింది కూడా. ఆపమన్నప్పుడు మాత్రం ఆగలేదు.

ఈ చెట్టును ఒక పాత కోట నేల మీంచి నిజంగా తీసేసిన చోటు ఒకటుంది. మన దగ్గర కాదు, రాజస్థాన్‌లోని జోధ్‌పుర్‌లో. మెహ్రాన్‌గఢ్ కోట వెనకాల 70 హెక్టార్లు, అంటే మన లెక్కలో 170 ఎకరాల పైచిలుకు రాతినేల. ఇప్పుడు దాని పేరు రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్. పార్కు అనగానే పచ్చిక, బెంచీలు, జారుడుబల్ల గుర్తొస్తాయి గానీ అక్కడ అవేమీ ఉండవు. ఆ నేలను ఎలా బాగుచేశారన్నది తెలుసుకుంటే మా నాన్న కిరోసిన్ ఎందుకు పనిచేయలేదో కూడా తెలిసిపోతుంది.

రావ్ జోధా 1459లో అక్కడ కోటకు పునాది వేశాడు. కొండ మీద అప్పటికే ఒక సాధువు ఉండేవాడనీ, తనను కదిలించినందుకు ఈ కోటకు నీళ్ళు కరువైపోవాలని శపించాడనీ ఓ కథ చెబుతారు. శాపం సంగతి ఎలా ఉన్నా, జోధ్‌పుర్‌లో ఏడాదికి పడే వాన 360 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కరువుకు పేరుబడ్డ మన అనంతపురంలో కూడా అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. ఆ కొద్ది వాననూ పట్టుకోవడానికి కోటవాళ్ళు చుట్టూ ఉన్న రాతినేల మీద కాలువలు తొలిచి, పారిన నీటిని కొండ కింది చెరువుల్లోకి మళ్ళించుకున్నారు. కాబట్టి ఆ రాతినేల కోటకు పెరడు మాత్రమే కాదు, దాని నీళ్ళ పళ్ళెం. గొట్టాల్లో నీళ్ళు వచ్చాక పళ్ళెం అవసరం తీరిపోయింది. అవసరం తీరిన నేలను ఎవరు చూస్తారు?

చూసినవాడు ఒకడున్నాడు, విమానంలోంచి. జోధ్‌పుర్ మహారాజా ఉమైద్ సింగ్‌కు విమానాలంటే పిచ్చి. 1930లలో ఆయన ఎడారిని పచ్చగా చేద్దామని ఈ చెట్టు విత్తనాలను ఆకాశం నుంచి చల్లించాడని జోధ్‌పుర్‌లో చెప్పుకుంటారు. 1940లో జోధ్‌పుర్ సంస్థానం దాన్ని రాజవృక్షంగా ప్రకటించి, కాపాడమని ప్రజలకు చెప్పింది. మన దగ్గర సర్కారు తుమ్మ, అక్కడ రాజుగారి చెట్టు. పల్లెజనం మాత్రం దాన్ని బావలియా అన్నారు. అరవై, డెబ్బై ఏళ్ళలో కోట వెనకాల రాతినేలంతా బావలియాయే అయింది.

2005 ప్రాంతంలో కోటను చూసుకునే మెహ్రాన్‌గఢ్ మ్యూజియం ట్రస్టు ఆ నేలను బాగుచేయమని ప్రదీప్ కిషన్‌ను పిలిచింది. ఆయన చదువుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు కాదు. 'మెస్సీ సాహిబ్' సినిమా తీసిన దర్శకుడు. సినిమాలు మానేసి చెట్ల వెంట పడి, ఢిల్లీ చెట్ల మీద పుస్తకం రాశాడు. ఇలాంటి పనికి పిలిస్తే మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? లారీల కొద్దీ మట్టి తోలి, బోరు వేసి, వేప, గుల్మొహర్, కోనోకార్పస్ నాటి ఆరు నెలల్లో ఫొటోకు పనికొచ్చేంత పచ్చదనం తెచ్చేస్తారు. ఆయన వేసుకున్న ప్రశ్న వేరు. బావలియా రాకముందు ఈ రాతి మీద ఏం పెరిగేది?

ఆ ప్రశ్నకు ఆ 170 ఎకరాల్లో జవాబు దాదాపు లేదు. కంప కింద మరేదీ సరిగా బతకదు. దాని రాలుటాకులోని కొన్ని రసాయనాలు పక్క మొక్కల విత్తనాలను మొలకెత్తనివ్వవని ప్రయోగాల్లో తేలింది. దానికితోడు నీడ దట్టం, వేరు లోతు. అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వుతుండగా ఈ చెట్టు చుట్టానికి చెందిన వేళ్ళు 50 మీటర్ల పైన లోతులో కనిపించాయని 1960లలో నమోదైంది. పదిహేనంతస్తుల మేడను తలకిందులు చేసి పాతినంత. అందుకని కిషన్ థార్ ఎడారిలో ఇలాంటి రాతి దిబ్బలే ఉండి, బావలియా పూర్తిగా ఆక్రమించని చోట్లు వెతుక్కుంటూ తిరిగాడు. శిథిలమైన గుడిని నిలబెట్టేముందు అదే కాలపు మరో గుడికి వెళ్ళి కొలతలు తీసుకుంటారు కదా, అలాగ. మొక్కల పేర్లు, విత్తనాలు అక్కడి నుంచి వచ్చాయి.

మొక్కలు దొరికాయి. పాత చెట్టు పోవడమే కష్టమైంది.

కంప ఎందుకు చావదో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. గొడ్డలి వేటు పడేది నేలపైన కాండం మీద. కాండానికీ వేరుకీ మధ్య, నేలలోపల, మెడలాంటి భాగం ఒకటి ఉంటుంది. నిద్రపోయే మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉండేది అక్కడే. పైన కాండం బతికున్నంతకాలం దాని కొనల నుంచి దిగే హార్మోన్లు ఆ మొగ్గలను జోకొడుతూ ఉంటాయి. కాండం నరికామా, జోలపాట ఆగిపోయింది. వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ మొగ్గలకు అందుతుంది, ఒక కొమ్మ స్థానంలో ఆరు లేస్తాయి. మా నాన్న ఏటా చేసింది, ఒకరకంగా, కంపకు కత్తిరింపు సేవ. నిప్పు, కిరోసిన్ కూడా పైపైనే ఆగిపోయాయి. మొగ్గలున్న ఆ మెడను తీసేస్తే కథ వేరు. ఈ చెట్టు వేరుకు సొంతంగా చిగురు వేసే శక్తి లేదు. వేరంతా తవ్వి తీయాల్సిన పనే లేదు. మెడ పోతే వేరు ఆకలితో లోపలే ఎండిపోతుంది.

మామూలు మట్టిలో అయితే ఒక గడ్డపార, కాస్త ఓపిక చాలు. జోధ్‌పుర్‌లో మట్టి లేదు. ఉన్నది రయోలైట్. 70 కోట్ల ఏళ్ళ కిందటి మాట, అక్కడ పెద్దఎత్తున అగ్నిపర్వతాలు పేలాయి. ఆ లావా, బూడిద గట్టిపడ్డ రాయి అది. హైదరాబాదులో మనం చూసే గ్రానైట్ బండలకీ దీనికీ ముడిసరుకు దాదాపు ఒకటే. భూమి లోపల నిదానంగా చల్లారితే గింజలు పెద్దవై గ్రానైట్ అవుతుంది, పైకొచ్చి గబగబా చల్లారితే గింజ కనిపించనంత సన్నబడి రయోలైట్ అవుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుపోయి ఆ రాయి నిలువునా బీటలు వేసింది. బావలియా వేళ్ళు దిగింది ఆ బీటల్లోకే. మొగ్గల మెడ కూడా రాతి నెర్రెలో, అడుగున్నర లోతు దాకా, ఇరుక్కుని కూర్చుంది. గడ్డపార దిగదు. యంత్రం పెడితే మొత్తం బండే పగిలి, ఏ నేలను కాపాడదామని వచ్చారో ఆ నేలే పోతుంది.

ఆ చిక్కు విప్పింది ఖండ్‌వాలియాలు. జోధ్‌పుర్ చుట్టుపక్కల తరాలుగా రాతిపని చేసే జనం. మన వడ్డెరల లాంటివాళ్ళు. వాళ్ళు పని మొదలుపెట్టేది చేత్తో కాదు, చెవితో. చెట్టు చుట్టూ ఉన్న బండను సుత్తితో తట్టుకుంటూ పోతారు. ఒకచోట ఖంగుమంటుంది, ఇంకోచోట బొదబొదమంటుంది. ఆ తేడాను బట్టి బీట ఎటు పోతుందో, ఎంత లోతుందో, రాయి ఏ వాటాన విడిపోతుందో పోల్చుకుంటారు. అక్కడ ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే రాయి అడిగినంత మేరకే విడుతుంది. అలా అడుగున్నర దిగి, మెడ కిందికి చేరి, చెట్టును తెంపేస్తారు.

ఇందులో మంత్రమేమీ లేదు. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలు మడిచి కొట్టి చూసేది ఇదే. రాయి ఏకఖండంగా ఉంటే దెబ్బ తాలూకు కంపనం అడ్డులేకుండా అటూ ఇటూ తిరిగి కాసేపు మోగుతుంది. మధ్యలో బీట ఉంటే ఆ సందులోని గాలి దగ్గర, మట్టి దగ్గర శక్తి చెదిరిపోయి చప్పుడు చచ్చుబడుతుంది. వెనకటి రోజుల్లో రైలు ఆగినప్పుడు ఒక మనిషి చక్రాలన్నీ సుత్తితో కొట్టుకుంటూ పోయేవాడు, ఆయన విన్నదీ ఇదే. కాంక్రీటు దిమ్మె లోపల బోలు ఉందేమో చూడటానికి ఇంజనీర్లు ఇప్పుడు వాడే పరికరం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. తేడా ఏమిటంటే పరికరానికి తెర మీద గీత కావాలి, ఖండ్‌వాలియాకు అక్కర్లేదు.

ప్రజల భాగస్వామ్యం అన్న మాట మన ప్రాజెక్టు రిపోర్టుల్లో వాడీ వాడీ అరిగిపోయింది. వనమహోత్సవం రోజు బడిపిల్లల చేత తలా ఒక మొక్క పట్టించి వరసలో నిలబెడితే భాగస్వామ్యం అయిపోతుంది. మరుసటి వేసవికి ఆ గుంటలే మిగులుతాయి. జోధ్‌పుర్‌లో జరిగింది అది కాదు. ఖండ్‌వాలియాలు స్వచ్ఛంద సేవకులు కారు. కూలికి వచ్చినవాళ్ళు, వాళ్ళకు కూలి దక్కాలి కూడా. కానీ పని ఎలా జరగాలో వాళ్ళ చెవి తేల్చింది, ప్లాను దాని వెనక నడిచింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే. పుస్తకం చదివిన మనిషి తన పుస్తకంలో లేని చోట ఆగి, ఆ పని తెలిసినవాడిని అడిగాడు. ఇంత చిన్న పని మన దగ్గర ఎంత అరుదుగా జరుగుతుందో చెరువు మరమ్మతులు చూసినవాళ్ళకు తెలుసు.

ఇంకో లాభం ఎవరూ అనుకోకుండా వచ్చింది. కంప మెడను తీసిన చోటల్లా రాతిలో ఒక గుంట మిగిలింది. రయోలైట్‌లో గుంట తవ్వాలంటే మామూలుగా తల ప్రాణం తోకకు వస్తుంది. ఇక్కడ గుంట తవ్వే ఉంది, పైగా అడుగున నెర్రె ఉంది. కంప వేరు దారి చేసిపెట్టిన నెర్రె, కింద తడి ఉన్న నెర్రె. కొత్త మొక్కలను ఆ గుంటల్లోనే పెట్టారు. బావలియా వేళ్ళు దిగిన దారినే వాటి వేళ్ళూ దిగాయి.

పెట్టినవి ఏవి? చాలావరకు రాతి మీద బతికే జాతులే. చూడగానే కంటపడేది థోర్. మన ఆకుజెముడుకు దగ్గరి చుట్టం, తుంచితే పాలు కారతాయి. ఏడాదిలో ఎక్కువకాలం ఆకు ఉండదు. ఆకుపచ్చని కాండమే ఆకు చేయాల్సిన వంట అంతా చేస్తుంది. వాన పడితే గబగబా ఆకులు తొడిగి, తడి ఆరగానే రాల్చేస్తుంది. మేకలు దాని దగ్గరికి పోవు. అందుకని థోర్ పొద నడుమ పడ్డ విత్తనాలు మేక నోటికి అందకుండా మొలిచి, పొదను దాటి ఎదిగాక తమ కాళ్ళ మీద నిలబడతాయి. నర్సరీలో ట్రీగార్డు చేసే పనిని ఎడారిలో జెముడు చేస్తోంది. మరొకటి కుమట్. దాని జిగురు బంకకు దేశదేశాల్లో బేరం ఉంది. గింజలు మార్వాడీ వంటింట్లోకి పోతాయి. కుమట్ గింజలు, కైర్ కాయలు, సాంగ్రీ ఇంకా రెండు కలిపి పంచ్‌కూటా అనే కూర వండుతారు. సాంగ్రీ అంటే ఏమిటో తెలుసా? ఎండిన జమ్మికాయ. దసరా నాడు మనం బంగారమని ఆకు పంచుకునే చెట్టు కాయను వాళ్ళు నూనెలో వేయించి రొట్టెతో తింటారు. తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం రెండూ ఈ జమ్మే.

జమ్మి గురించి మాట్లాడుతూ ఖేజడ్లీ ఊసు ఎత్తకుండా ఉండలేం. జోధ్‌పుర్‌కు దగ్గర్లోని ఆ ఊళ్ళో 1730లో రాజుగారి కొత్త కట్టడానికి కట్టెలు కావాలని మనుషులు వచ్చి జమ్మి చెట్లు నరకబోతే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకుని అడ్డుపడింది. ఆమెతో మొదలై 363 మంది ప్రాణాలిచ్చారని అక్కడివాళ్ళ లెక్క. జమ్మి కోసం చచ్చిపోయినవాళ్ళ సంస్థానం, రెండు శతాబ్దాల తర్వాత, జమ్మిని వెనక్కి నెట్టే చెట్టును రాజవృక్షమంది. జమ్మి కింద సజ్జ పండుతుంది. కంప కింద గడ్డి కూడా కష్టం. అయినా ఇన్నాళ్ళూ రెంటినీ ప్రోసోపిస్ అనే ఒకే ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు. 2022లో శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని విడదీశారు. జమ్మి ప్రోసోపిస్‌గానే ఉండిపోయింది, సర్కారు తుమ్మ నెల్టుమా అయింది.

పార్కును 2011 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు. పాత నగర గోడకున్న సింఘోరియా పోల్ అనే ద్వారం దగ్గర నుంచి లోపలికి దారి. ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళకు ఇదేం పార్కు, అంతా ఎండిపోయి ఉంది అనిపించవచ్చు. అది చెడిపోయిన గుర్తు కాదు. ఎడారి ఏడాదిలో ఎక్కువ నెలలు గోధుమరంగులో ఉండాలి. వాన పడ్డ పది రోజులకు రాతి సందుల్లోంచి గడ్డి, చిన్న చిన్న పూలమొక్కలు లేచి, ఆశ్వయుజానికి విత్తనం కట్టి మళ్ళీ మాయమవుతాయి. కంప అయితే ఏడాది పొడవునా పచ్చగానే ఉండేది. మనకు పచ్చరంగు కనిపిస్తే చాలు, అడవి అనేసుకుంటాం. ఉపగ్రహం ఫొటోలో కంప కూడా పచ్చగానే పడుతుంది.

ఈ కథ చదివి వచ్చే ఆదివారమే గొడ్డలి పట్టుకుని గండికోటకో పెనుకొండకో బయల్దేరే ఉత్సాహం ఎవరికైనా వస్తే ఒక మాట. తమిళనాడులో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2015 తర్వాత ఈ చెట్టును పెద్దఎత్తున తీయించే పని నడిచింది. తీసిన చోట ఏం పెట్టాలో ఆలోచించకపోతే, విత్తనం నేలలోనే ఉంది కాబట్టి, మళ్ళీ అదే వస్తుంది. ఆ విత్తనానికి పెంకు గట్టి. తియ్యగా ఉండే కాయను మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ మాత్రం కడుపులోంచి క్షేమంగా బయటపడి, ఎరువుతో సహా కొత్త చోట దిగుతుంది. ఏళ్ళ తరబడి మట్టిలో మెలకువ రాకుండా పడుకోగలదు. ఇక మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే మాటలున్నాయి: గాలిలో తేమ పీల్చేసి వాన పడనివ్వదు, ప్రాణవాయువు ఇవ్వదు. ఇవి నిజం కావు. దాని మీద చెప్పుకోవడానికి నిజమైన నేరాలే బోలెడున్నాయి, అబద్ధాలు అక్కర్లేదు. పైగా మన ఎన్నో ఊళ్ళలో బొగ్గు బట్టీల వాళ్ళ పొయ్యి వెలిగేది దీనితోనే. గ్యాసు బండ ధర పెరిగిన నెలలో ఎందరి పొయ్యిలోకో చేరేది కూడా ఇదే. వాళ్ళకు ఇంకో దారి చూపకుండా తీసేస్తామంటే ఆ ఊరు మనతో రాదు.

జోధ్‌పుర్‌లో కూడా పని పూర్తయిందని ఎవరూ అనలేరు. పక్క నేలల్లో బావలియా ఉన్నంతకాలం గింజలు వస్తూనే ఉంటాయి. వానాకాలం రాగానే బొటనవేలంత ఎత్తు మొలకలను ఏరి పీకాల్సిందే. అప్పుడైతే రెండు వేళ్ళు చాలు, ఆరేళ్ళు ఆగితే ఉలి కావాలి.

పీకేముందు మాత్రం ఒకటి చూసుకోవాలి. మన పొలంగట్ల మీద జమ్మి, సర్కారు తుమ్మ రెండూ పక్కపక్కనే లేస్తాయి, లేతగా ఉన్నప్పుడు తెలియనివాళ్ళకు ఒకేలా కనిపిస్తాయి. ఒక రెమ్మ జాగ్రత్తగా పట్టుకుని ముల్లు ఎక్కడుందో చూడండి. కణుపు దగ్గర, ఆకు పుట్టిన చోట, జంటగా పొడుచుకొచ్చి ఉంటే అది సర్కారుది. కణుపుకీ కణుపుకీ మధ్య, అక్కడొకటి ఇక్కడొకటి, పొట్టిగా గులాబీ ముల్లులా ఉంటే చెయ్యి తీసేయండి. అది జమ్మి.